పాత ఫైలు మీద కొత్త ఫైలు

మావయ్య విజయనగరంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుని రిటైరైన మనిషి. పాత పత్రికల్లో కథలు స్కాన్ చేసి, రచయిత పేరు, పత్రిక, సంచిక తేదీ ఒక టెక్స్టు ఫైలులోకి ఎక్కించడం ఆయనకిప్పుడు పూర్తికాలపు వ్యసనం. మేనకోడలు శ్రీకాకుళంలో ఉంటుంది. ఇంటి నుంచే ఒక కంపెనీ సర్వర్లు చూస్తుంది. ఇద్దరూ లైనక్స్ వాళ్ళే, మౌస్ ముట్టకుండా టెర్మినల్లోనే పనంతా కానిచ్చుకునే రకం. అయినా ఒక ఫైలుని మార్చే పద్ధతి దగ్గర ఇద్దరికీ పడదు. పైడితల్లమ్మ సిరిమానుకి ఆ పిల్ల వచ్చినప్పుడు మొదలైన తగువు ఇది. కమాండ్లు వాళ్ళు పలికినట్టే రాశాను. నాకు తోచిన మాట అక్కడక్కడ చేర్చాను.

మేనకోడలు: మావయ్యా, నీ ఫోల్డరు చూశాను. జాబితా, జాబితా పాతది, జాబితా పాతది రెండు, జాబితా ఒరిజినల్, జాబితా అసలు ఒరిజినల్. ఏటివన్నీ?

మావయ్య: బ్యాకప్పులు. చెయ్యి పెట్టేముందు ఒక కాపీ తీసీసి పక్కన పెట్టుకుంటాను. కొంప మునిగితే పాతది తెచ్చుకుంటాను. మీ కంపెనీలో లక్షలు పోసి చేయించేదీ ఇదే కదా అమ్మడూ.

మేనకోడలు: కాపీ తీశాక?

మావయ్య: తీశాక ఏటుంది? వేరే చోట దిద్దిన ఫైలుని సీపీ కొట్టి పాతదాని మీద పెట్టీస్తాను. ఇన్నేళ్ళూ అంతే.

మేనకోడలు: నా పేచీ అక్కడే. సీపీ ఏం చేస్తుందో తెలుసా? ముందు పాత ఫైలుని సున్నా బైట్లకి కత్తిరించీసి, తరవాత అందులోకి కొత్తది కొంచెం కొంచెంగా పోస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోయినా, డిస్కు నిండిపోయినా, నువ్వు కంట్రోల్ సీ నొక్కినా పాతది లేదు, కొత్తది సగమే. అదే సమయంలో వేరే ప్రోగ్రాము ఏదైనా ఆ ఫైలు చదువుతుంటే దానికీ సగమే దొరుకుతుంది.

మావయ్య: నా జాబితా నేను తప్ప ఎవరు చదువుతారు? సగం పడితే పక్కనున్న కాపీ తెచ్చుకుంటాను. అయినా ఒక్క సీపీనేనా? సెడ్ లేదూ? హైఫన్ ఐ పక్కనే డాట్ బ్యాక్ తగిలించామంటే పాత ఫైలుని అదే దాచిపెట్టీసి కొత్తది ఇస్తుంది.

మేనకోడలు: మొన్న భారతి సంచికల తేదీలు సరిచెయ్యడానికి సెడ్ ఎన్నిసార్లు కొట్టావు?

మావయ్య: మొదటిసారి నెలలు తారుమారయ్యాయి. మళ్ళీ కొట్టాను.

మేనకోడలు: రెండోసారి కొట్టగానే డాట్ బ్యాక్‌లోకి ఏం వెళ్ళింది? మొదటిసారి తప్పుగా మారిపోయిన ఫైలు. అంతకు ముందు అందులో ఉన్న మంచి ఫైలు పోయింది. సెడ్ అడగదు, చెప్పదు.

మావయ్య: జాబితా అసలు ఒరిజినల్ ఉంది కదే!

ఇక్కడ నాకు నవ్వొచ్చింది గానీ ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. ఆ పేర్లు ఎంత వికారంగా ఉన్నా ఆయన ఏ కాపీనీ ఇంకో కాపీ మీద రాయడు. ఆ పట్టింపు సెడ్‌కి లేదు. సీపీకి హైఫన్ బీ అని ఒక్కటే ఇస్తే దానికీ లేదు. పాత ఫైలు పేరు చివర టిల్డా గుర్తు పెట్టి దాస్తుంది, మరుసటిసారి కొడితే ఆ దాచినదాని మీదే ఇంకోటి పెడుతుంది. రెండు హైఫన్ల తరవాత బ్యాకప్ ఈక్వల్ టు నంబర్డ్ అని కొడితే మాత్రం టిల్డా ఒకటి టిల్డా, టిల్డా రెండు టిల్డా అని పాతవన్నీ వరసగా నిలబడతాయి. ఎంవీకీ ఇదే వర్తిస్తుంది. మావయ్య చేత్తో చేసేది యంత్రం చేత చేయించుకోవడమే ఇది. తెలిసినవాళ్ళు వర్షన్ కంట్రోల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో నంబర్డ్ అని పెట్టుకుంటే హైఫన్ బీ కూడా ఆ దారికే వస్తుంది.

మావయ్య: సరే. సీపీ వద్దంటావు. నువ్వేం చేస్తావో చెప్పు.

మేనకోడలు: పాత ఫైలుని ముట్టుకోను. అదే ఫోల్డరులో పక్కన కొత్త ఫైలు తయారుచేస్తాను. పూర్తయ్యాక ఎంవీ కొట్టి పాత పేరు దానికి ఇచ్చీస్తాను. లోపల జరిగేది రీనేమ్ అనే ఒక్క సిస్టమ్ కాల్. ఆ క్షణానికి ముందు ఎవరు తెరిచినా పాతది మొత్తం దొరుకుతుంది, తరవాత తెరిస్తే కొత్తది మొత్తం దొరుకుతుంది. సగం సగం అన్న అవస్థే లేదు.

మావయ్య: పేరు మారిస్తే లోపలి సరుకు ఎలా మారుతుంది?

మేనకోడలు: పేరు వేరు, ఫైలు వేరు మావయ్యా. డిస్కులో ఫైలుకి ఐనోడ్ అని ఒక నంబరుంటుంది. ఫోల్డరంటే ఏ పేరు ఏ నంబరుదో రాసుకున్న పట్టీ. సీపీ పాత నంబరులోనే సరుకు మారుస్తుంది. ఎంవీ సరుకుని ముట్టదు, పట్టీలో ఆ పేరుకి ఎదురుగా ఉన్న నంబరు మారుస్తుంది.

మావయ్య: అంటే ఇల్లు పడగొట్టకుండా వేరే ఇంటికి నేమ్‌ప్లేటు బిగించడం.

మేనకోడలు: అదే. పాత ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్ళు బయటికొచ్చేదాకా ఆ ఇల్లు కూలదు కూడా. ఒక ప్రోగ్రాము పాత ఫైలు తెరిచి పెట్టుకుని ఉంటే, మూసేదాకా దానికి పాతదే కనిపిస్తుంది. ఇది చిన్న సంగతి అనుకుంటావేమో. క్యోటో యూనివర్సిటీ గొడవ విన్నావా?

మావయ్య: జపాన్‌దా? లేదు.

మేనకోడలు: 2021 డిసెంబరు. వాళ్ళ సూపర్ కంప్యూటర్‌కి బ్యాకప్ తీసే స్క్రిప్టు ఒకటుంది. పది రోజులు దాటిన లాగ్ ఫైళ్ళని ఫైండ్ కమాండుతో వెతికి చెరిపే పని కూడా అందులోనే ఉంది. చూసుకునే కంపెనీ వాళ్ళు దాన్ని బాగుచేశారు. చదవడానికి వీలుగా ఉంటుందని వేరియబుల్స్ పేర్లు మార్చారు. అలా మార్చిన ఫైలుని పాతదాని మీద పెట్టీసేరు. పాత స్క్రిప్టు అప్పటికింకా నడుస్తూ ఉంది.

మావయ్య: నడుస్తుంటే ఏటి? మొదలైనప్పుడే మొత్తం చదువుకుని ఉంటుంది కదా.

మేనకోడలు: అందరూ అలాగే అనుకుంటారు. బాష్ స్క్రిప్టుని ఒక్క గుక్కలో మింగదు. కొంత చదువుతుంది, చేస్తుంది, ఆగిన చోటు నుంచి మళ్ళీ చదువుతుంది. అది వెనక్కొచ్చి చూసేసరికి అదే ఐనోడులో కొత్త సరుకుంది. సగం పని పాత స్క్రిప్టుది, మిగతా సగం కొత్తదానిది. కొత్త పేర్లతో ఉన్న వేరియబుల్స్‌కి విలువలిచ్చే లైన్లు పైనెక్కడో ఉండిపోయాయి. వాటిని ఇది చదవనే లేదు. అందుకని అవి ఖాళీ. లాగ్ ఫోల్డరు పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఫైండ్ వెళ్ళి పరిశోధకుల ఫైళ్ళు చెరపడం మొదలుపెట్టింది.

మావయ్య: ఎన్ని పోయాయి?

మేనకోడలు: 77 టెరాబైట్లు. 3 కోట్ల 40 లక్షలకి పైగా ఫైళ్ళు. 14 పరిశోధక బృందాలవి. వాటిలో నాలుగు బృందాల సరుకు బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. ఆ కొత్త స్క్రిప్టుని పక్కన పెట్టి ఎంవీతో పేరు మార్చి ఉంటే, నడుస్తున్న బాష్ పాత ఐనోడునే చివరిదాకా చదువుకుని బుద్ధిగా ముగించేది. స్క్రిప్టు మొదట్లోనే సెట్ హైఫన్ యూ అని ఒక లైను ఉన్నా, విలువే ఇవ్వని వేరియబుల్ తగలగానే ఆగిపోయేది.

మావయ్య: అది కాదే అమ్మడూ. నువ్వు చెప్పినదాంట్లో నాకు వేరే సంగతి కనబడింది. చెరిపింది ఎవరు? బ్యాకప్ స్క్రిప్టే! కంచే చేను మేసింది. నా జాబితా పాతది రెండు ఎవరి ఫైలూ చెరపదు. మీ ఆటోమేషన్ ఎంత పెద్దదైతే అది చేసే తప్పూ అంత పెద్దది.

(ఆయన అన్నది కొట్టిపారేసే మాట కాదు. చెరిపే హక్కున్న స్క్రిప్టుకే బ్యాకప్ బాధ్యత కూడా అప్పజెప్పడం క్యోటోలో జరిగిన రెండో తప్పని నాకనిపిస్తుంది. ఆ పిల్ల మొదటి తప్పునే పట్టుకుంది.)

మావయ్య: ఇంకోటి. నీ ఎంవీలోనూ మెలికలున్నాయి. నేను టెంప్ ఫోల్డరులో దిద్దుకుని అక్కడి నుంచి ఎంవీ కొట్టాననుకో. అది వేరే పార్టిషన్ అయితే?

మేనకోడలు: అప్పుడు ఎంవీ కూడా కాపీ చేసి, తరవాత అక్కడున్నది చెరుపుతుంది. ఒప్పుకున్నాను. అందుకే అదే ఫోల్డరులో అన్నాను.

మావయ్య: పర్మిషన్లు? కొత్త ఫైలు కొత్త పర్మిషన్లతో పుడుతుంది. పాతది వేరే యూజరుదైతే ఓనరు కూడా మారిపోతాడు. పాత పేరు సింబాలిక్ లింక్ అయితే ఆ లింకు పోయి దాని చోట మామూలు ఫైలు కూర్చుంటుంది. సీపీ అయితే ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుంది.

మేనకోడలు: అదీ నిజమే. అందుకని ముందు పాతదాన్నే సీపీ హైఫన్ పీతో పక్కన కాపీ తీసుకుని, ఆ కాపీని దిద్ది, దాన్ని ఎంవీ కొడతాను. పర్మిషన్లు వెంటొస్తాయి. లింకు అయితే రీడ్‌లింక్ హైఫన్ ఎఫ్‌తో అసలు ఫైలెక్కడుందో కనుక్కుని అక్కడే పని చేస్తాను.

మావయ్య: కరెంటు సంగతి? 2009లో ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ కొత్తగా వచ్చినప్పటి గోల నాకు గుర్తుంది. మిషన్ ఆగిపోయి మళ్ళీ లేచేసరికి కేడీఈ డెస్క్‌టాప్ సెట్టింగుల ఫైళ్ళు సున్నా బైట్లు. అవి కూడా నువ్వు చెప్పినట్టు రీనేమ్ చేసినవే.

మేనకోడలు: అవును. పేరు మారిన కబురు డిస్కుకి ముందు చేరింది, సరుకు ఇంకా మెమరీలోనే ఉండిపోయింది. రీనేమ్‌కి ముందు ఎఫ్‌సింక్ చేసి సరుకుని డిస్కుకి చేర్చాలని ఎక్స్‌ట్4 చూసుకునే థియడోర్ ట్సో అప్పుడు గట్టిగా చెప్పాడు. తరవాత 2.6.30 కెర్నెల్లో ఈ రీనేమ్ పద్ధతికి రక్షణ కూడా పెట్టారు. అయినా నేను కెర్నెల్ దయ మీద వదలను. ఎంవీకి ముందు సింక్ కమాండుకి ఆ ఫైలు పేరిచ్చి ఒకసారి కొడతాను. మన జిల్లాల్లో కరెంటు గురించి నీకు చెప్పక్కర్లేదు.

మావయ్య: సరే, సింక్ కొట్టావు, పేరు మార్చావు. మార్చేముందు కొత్త ఫైల్లో ఏముందో చూశావా?

మేనకోడలు: దాన్ని తయారుచేసిన కమాండు సున్నా ఎగ్జిట్ కోడ్ ఇచ్చిందో లేదో చూస్తాను. రెండు యాంపర్‌శాండ్లు పెడితే అది సరిగ్గా అయితేనే ఎంవీ నడుస్తుంది.

మావయ్య: గ్రెప్‌తో నువ్వు ఏరిన లైన్లు పైపులోంచి సార్ట్‌కి వెళ్ళాయనుకో. గ్రెప్‌కి ఇచ్చిన మాట తప్పుపడి ఒక్క లైనూ దొరకలేదు. సార్ట్‌కి ఏం పోయింది? ఖాళీ సరుకుని ఖాళీగా అమర్చి సున్నా ఇస్తుంది. అప్పుడు సున్నా బైట్ల ఫైలుని నీ ఎంవీ రెప్పపాటులో మంచి ఫైలు స్థానంలో కూర్చోబెడుతుంది. సగం సగం కాదు, పూర్తిగా పోతుంది! నేను డిఫ్ కొట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన చూడనిదే ఏ ఫైలూ మార్చను. లైన్లు లెక్కపెడతాను. ఎనిమిది వేల లైన్ల ఫైలులో ఒక పేరు దిద్దితే డిఫ్‌లో ఒక లైనే రావాలి. మూడొందలు వచ్చాయంటే ఆగుతాను.

ఈ వాదన మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఆ పిల్ల ఇంతసేపూ మాట్లాడింది మార్పు మధ్యలో తెగిపోకుండా చూడడం గురించి. మార్పు సరైనదా కాదా అని అడిగినవాడు మావయ్య. రీనేమ్ మొదటిదానికి హామీ ఇస్తుంది, రెండోదానికి ఇవ్వదు. కొత్త ఫైలు పక్కన తయారై ఉంటేనే డిఫ్ కొట్టి చూసుకునే సావకాశం దొరుకుతుంది. నేరుగా మీద రాసీసేవాడికి చూసుకోవడానికి ఏమీ మిగలదు. సార్ట్ కొట్టి అవుట్‌పుట్‌ని గ్రేటర్ దేన్ గుర్తుతో అదే ఫైలులోకి పంపిస్తే ఏమవుతుందో చూడండి. సార్ట్ మొదలవకముందే షెల్ ఆ ఫైలుని ఖాళీ చేసి పెడుతుంది. సార్ట్ ఖాళీ ఫైలు చదివి ఖాళీ ఫైలు రాస్తుంది. సెట్ హైఫన్ ఓ నోక్లాబర్ అని షెల్‌కి చెప్పుకుంటే ఉన్న ఫైలు మీద రాయనంటుంది. సార్ట్‌కైతే హైఫన్ ఓ ఉంది, అది మొత్తం చదివాకే రాస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందు ఈ గుంటలోనే పడతారు.

మేనకోడలు: డిఫ్ సంగతి నీ దగ్గర నేర్చుకుంటాను. మరి నా సంగతి విను. నీ అయిదు జాబితాలూ ఎక్కడున్నాయి?

మావయ్య: ఇదిగో, ఈ మిషన్లోనే.

మేనకోడలు: ఒకే డిస్కు, ఒకే గది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మా జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. రేపెప్పుడైనా నీ పెంకుటిల్లు కారి నీళ్ళు సీపీయూలోకి దిగితే అసలు ఒరిజినలూ పోతుంది, పాతది రెండూ పోతుంది. నువ్వు చేసుకున్నది నీ చేతి తప్పుకి మందు. వానకి మందు కాదు.

మావయ్య: దాచిపెట్టుకోవడం విలువ నాకు నేర్పక్కర్లేదు. కన్యాశుల్కం 1892లో ఈ ఊళ్ళోనే మొదట ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ వారు రెండో కూర్పు తెచ్చారు. అది దిద్దుబాటు కాదు, దాదాపు కొత్త నాటకం. మధురవాణి మొదటి దాంట్లో ఎంత, రెండో దాంట్లో ఎంత! ఇవాళ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆయన ఏం మార్చాడో చూడగలుగుతున్నామంటే పాతది మిగిలింది కాబట్టే.

మేనకోడలు: మిగిలింది. ఎలా మిగిలింది? గురజాడ వారు రెండూ ఒకే సొరుగులో పెట్టుకున్నందుకా? అచ్చయి నలుగురి ఇళ్ళకీ చేరింది కాబట్టి మిగిలింది. దొరకడం కష్టమైపోయిన ఆ మొదటి కూర్పుని బంగోరె గారు 1969లో మళ్ళీ అచ్చులోకి తేగలిగారంటే ఎక్కడో ఒక ప్రతి బతికి ఉందన్నమాట. ఇంటి పెరట్లో సాక్ష్యం పెట్టుకుని నువ్వు నాకే ఎదురు చెప్తున్నావు.

మావయ్య: అలాగంటావేటి!

మేనకోడలు: అనకేం? మా ఊళ్ళో కథల లైబ్రరీ కథానిలయం చూడు. కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. ఎవరెవరి ఇళ్ళల్లోనో అటకల మీద పడున్న పత్రికలు, కటింగులు, జిరాక్సు ప్రతులు అడిగి తెప్పించారు. ఒక ఇంట్లో లేనిది ఇంకో ఇంట్లో దొరికింది. తరవాత అవి స్కాన్ అయి వెబ్‌సైట్లోకి కూడా ఎక్కాయి. ఇప్పుడు నాగావళికి ఎంత వరదొచ్చినా ఆ వేల కథల బొమ్మలు ఊరి బయట కూడా ఉన్నాయి.

మావయ్య: సరే, నీ కాపీ ఎక్కడుంది?

మేనకోడలు: నా ఫోటోలు, అమ్మ కాగితాలు, అన్నీ రోజూ రాత్రి ఆర్‌సింక్‌తో హైదరాబాదులో అన్నయ్య ఇంట్లో ఉన్న మిషన్‌కి వెళ్తాయి. డిలీట్ ఆప్షన్ కూడా పెట్టాను. ఇక్కడ లేనిది అక్కడ ఉండదు. అచ్చు ఒకేలా ఉంటాయి.

మావయ్య: దొరికావు! ఇక్కడ లేనిది అక్కడ ఉండదా? నువ్వు సాయంత్రం పొరపాటున ఒక ఫోల్డరు చెరిపీసేవు. తెల్లారేసరికి ఏమవుతుంది?

మేనకోడలు: అక్కడా పోతుంది.

మావయ్య: నా పాతది రెండు ఉంటుంది. నీ తప్పు హైదరాబాదుదాకా టికెట్ లేకుండా ప్రయాణం చేస్తుంది. క్యోటోలో జరిగినది నువ్వు ప్రతి రాత్రీ క్రమం తప్పకుండా ఏర్పాటు చేసుకుంటున్నావు.

మేనకోడలు: దానికి ఉపాయముంది మావయ్యా. ఆర్‌సింక్‌కి బ్యాకప్, బ్యాకప్ డిర్ అని రెండు ఆప్షన్లిచ్చి, ఆ రోజు తేదీతో ఫోల్డరు చెప్తే, చెరపాల్సినవీ మారాల్సినవీ చెరపకుండా అందులోకి జరుపుతుంది. లేకపోతే లింక్ డెస్ట్ ఉంది. రోజుకో ఫోల్డరు పుడుతుంది. మారని ఫైళ్ళు నిన్నటి ఫోల్డరుతో హార్డ్ లింకులుగా పంచుకుంటుంది. ముప్ఫై రోజుల ముప్ఫై పూర్తి ఫోల్డర్లు కనబడతాయి, చోటు మాత్రం మారినవాటికే పడుతుంది.

మావయ్య: ఉపాయముంది అంటున్నావు. పెట్టావా?

మేనకోడలు: ఆఫీసులో పెట్టాం.

మావయ్య: ఊఁ. ఆ హార్డ్ లింకుల ఫోల్డర్లలో నాలాంటివాడెవడైనా దూరి, ఒక ఫైలుని అక్కడే దిద్దితే?

మేనకోడలు: అదే ఐనోడుని పంచుకున్న అన్ని రోజుల్లోనూ మారిపోతుంది. నిన్నటిదీ, మొన్నటిదీ, అన్నీ. అందుకే బ్యాకప్‌లోకి చదవడానికి తప్ప రాయడానికి ఎవరికీ దారి ఉండకూడదు. ఆర్‌సింక్ తనంతట తాను అలా చెయ్యదు. అది కూడా పక్కన తాత్కాలిక ఫైలు రాసుకుని తరవాతే పేరు మారుస్తుంది. ఇన్‌ప్లేస్ అనే ఆప్షన్ పెడితేనే చిక్కు. చూశావా, మొదట నీతో పడిన పేచీయే ఇక్కడికీ వచ్చింది. ఫైలుని ఎలా మారుస్తున్నామన్నది తేల్చుకోకుండా బ్యాకప్ గురించి మాట్లాడి లాభం లేదు.

మావయ్య: ఇంకొకటి అడుగుతాను. హైదరాబాదులో ఉన్నదాన్ని ఎప్పుడైనా వెనక్కి తెచ్చి తెరిచావా?

మేనకోడలు: ఆఫీసులో అయితే మూణ్ణెల్లకోసారి—

మావయ్య: ఆఫీసు సంగతి కాదు.

మేనకోడలు: ఇంటిది లేదు.

మావయ్య: నా పాత కాపీలు నేను వారానికోసారైనా తెరుస్తాను. పేరు చూసి నవ్వావు గానీ, అవి తెరుచుకుంటాయని నాకు తెలుసు.

మేనకోడలికి ఇక్కడ సమాధానం లేదు. లేకపోవడమే న్యాయం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు వేరే సర్వరులో ఉన్నాననుకుని అసలు డేటాబేస్ ఫోల్డరునే చెరిపేశాడు. తమాషా ఏమిటంటే వాళ్ళకి బ్యాకప్ ఏర్పాట్లు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. రోజూ డేటాబేస్ కాపీ తియ్యాల్సిన ప్రోగ్రాము వర్షన్ కలవక ఎప్పటినుంచో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్ళు ఎవరికీ అందలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం ఎవరో తీసుకున్న స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల్లో జనం రాసుకున్నది పోయింది. అంత పెద్ద కంపెనీలో వెనక్కి తెచ్చి చూసే పని జరగలేదంటే, ఇంట్లో ఒంటరిగా చేసుకునేవాళ్ళ సంగతి చెప్పేదేముంది?

మేనకోడలు: సరే, నీ ఫైళ్ళు తెరుచుకుంటాయి. లోపలున్నది నువ్వు పెట్టిందేనని ఎలా తెలుసు? స్కాన్ బొమ్మలు వేలున్నాయి. అన్నీ తెరిచి చూస్తావా?

మావయ్య: చూళ్ళేను.

మేనకోడలు: షా 256 సమ్ కొట్టి ప్రతి ఫైలుకీ ఒక వేలిముద్ర తీసి దాచుకో. ఆర్నెల్ల తరవాత హైఫన్ సీ ఇచ్చి అదే జాబితా చూపిస్తే, ఒక్క బిట్టు మారినా ఏ ఫైలో పేరు పెట్టి చెబుతుంది. హైదరాబాదు కాపీ మీదా అదే కొట్టొచ్చు. వేలిముద్రలు మంచి ఫైళ్ళకి తియ్యాలి సుమా, పాడయ్యాక తీస్తే పాడైనదే సరైనదంటుంది.

మావయ్య: అది నాకు పనికొస్తుంది. ఇవాళే చేస్తాను. కానీ నా కాపీ నీ దగ్గర పెట్టమంటే మాత్రం పెట్టను.

మేనకోడలు: ఏం?

మావయ్య: విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఒకే తుపాను దారిలో ఉన్నాయి. మీ అన్నయ్య దగ్గరే పెట్టమను. డిలీట్ ఆప్షన్ తీసీసి.

మేనకోడలు: తీసీను. బ్యాకప్ డిర్ పెడతాను. మొదటిసారి హైఫన్ ఎన్ ఇచ్చి, ఏమేం చేస్తుందో ఉత్తుత్తిగా చూపించమని అడుగుతాను. ఆ లిస్టు నువ్వు చదువు.

మావయ్య: చదువుతాను. సోర్సు ఫోల్డరు పేరు చివర స్లాష్ పెట్టావో లేదో కూడా చూస్తాను. అది ఉంటే లోపలి ఫైళ్ళు వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్తుంది. దాంతో మా ల్యాబులో ఎంతమంది తిప్పలు పడ్డారో!

జాబితా అసలు ఒరిజినల్ అన్న పేరు మాత్రం మార్చనన్నాడు. ఆ పిల్లా పట్టుబట్టలేదు.

ఎవరిది పైచెయ్యి అని అడిగితే ఫైలు మార్చే పద్ధతిలో మేనకోడలిది, మార్చేముందు చూసుకోవడంలోనూ దాచినది తెరిచి చూడడంలోనూ మావయ్యది అని నా తీర్పు. దూరాన ఒక కాపీ ఉండాలన్న దగ్గర ఆయన ఓడిపోయాడు, ఆ కాపీకి చెరిపే అధికారం ఇవ్వకూడదన్న దగ్గర ఆవిడ ఓడిపోయింది.

ఈ రెండు జిల్లాల్లో తాతల నాటి పత్రికలో, దస్తావేజులో, జముకుల కథల క్యాసెట్లో కంప్యూటర్‌కి ఎక్కించి ఒకే హార్డ్ డిస్కులో పెట్టుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళకి నా మనవి ఒకటే. అక్టోబరు రాకముందే ఒక ఆదివారం కూర్చుని, మీ బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలుని వేరే మిషన్లోకి తెచ్చి తెరిచి చూడండి. బ్యాకప్ ఇంకా లేకపోతే ఒక హార్డ్ డిస్కు కొని, కాపీ తీసి, తీరానికి దూరంగా ఉన్న చుట్టాల ఇంటికి పంపించండి.